బీటా పిక్టోరిస్ ధూళి డిస్క్‌ని ఇంటి వెనక నుంచి ఫోటో తీశా – నా అనుభవం

బీటా పిక్టోరిస్ అనే నక్షత్రం చుట్టూ పళ్ళెంలా పరుచుకుని ఉన్న ధూళి డిస్క్‌ని పది అంగుళాల టెలిస్కోప్‌తో ఇంటి వెనక జాగాలోంచి ఫోటో తీయొచ్చు. కొండెక్కక్కర్లేదు, ఊరి లైట్లు కూడా అనుకున్నంత అడ్డం రావు. కాకపోతే చాలా ఓపిక కావాలి, ఆ ఓపిక కంటే ఎక్కువగా, కంప్యూటర్ స్క్రీన్ మీద కనపడింది నిజంగా ఆకాశంలో ఉందా లేక మన టెలిస్కోపే పుట్టించిందా అని తేల్చుకునే పద్ధతి ఒకటి కావాలి. పోయిన వేసవంతా (నేనుండే మెల్‌బోర్న్‌లో వేసవి అంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి) నేను దీని మీదే కూర్చున్నా. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సౌతాఫ్రికాలో ఉన్న మనవాళ్ళలో టెలిస్కోప్ ఉన్నవాళ్ళు ఎవరైనా ట్రై చేస్తారేమో అని మొదట్నుంచీ రాస్తున్నా.

ముందు ఆ నక్షత్రం గురించి. మనకి 63 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ) 3.9 దగ్గర, అంటే చీకటి ఉన్నచోట మామూలు కంటికే కనపడుతుంది. మన అగస్త్య నక్షత్రం, అదే కానోపస్, దానికి ఐదారు డిగ్రీల తూర్పుగా ఉంటుంది. సూర్యుడి కంటే బరువు, సూర్యుడి కంటే తెల్లగా ఉంటుంది, వయసు మాత్రం సుమారు రెండు కోట్ల సంవత్సరాల పైచిలుకు అంతే. మన సూర్యుడి వయసు 460 కోట్ల సంవత్సరాలు కాబట్టి ఇది పసిబిడ్డ కింద లెక్క. 1983లో ఐరాస్ అనే ఇన్‌ఫ్రారెడ్ శాటిలైట్ పైకి వెళ్ళి వేగా, ఫోమల్‌హాట్, ఎప్సిలాన్ ఎరిడాని, బీటా పిక్టోరిస్ – ఈ నాలుగు నక్షత్రాలూ ఉండాల్సిన దానికంటే ఎక్కువ వేడి కాంతి పంపిస్తున్నాయని పట్టుకుంది. నక్షత్రం ఒక్కటే ఉంటే అంత రాదు, చుట్టూ ఏదో చల్లటి ధూళి ఉండి నక్షత్రం కాంతి పీల్చుకుని వేడిగా తిరిగి వదులుతుంటేనే వస్తుంది. బీటా పిక్టోరిస్ విషయంలో అది నక్షత్రం మొత్తం వెలుగులో దాదాపు నాలుగు వందల్లో ఒక వంతు, ధూళికి అది చాలా ఎక్కువ. మరుసటి ఏడాది 1984లో బ్రాడ్‌ఫర్డ్ స్మిత్, రిచర్డ్ టెరిల్ అనే ఇద్దరు చిలీలోని లాస్ కంపానాస్‌లో 2.5 మీటర్ల టెలిస్కోప్‌కి కొరొనాగ్రాఫ్ తగిలించి నక్షత్రాన్ని మూసి చూస్తే రెండు వైపులా బారుగా గీతలాగా డిస్క్ కనపడింది. వేరే నక్షత్రం చుట్టూ అలాంటి డిస్క్‌ని మనిషి ఫోటోలో చూడటం అదే మొదటిసారి. పళ్ళాన్ని అంచు వైపు నుంచి చూస్తే ఎలా గీతలా ఉంటుందో అలా అన్నమాట, మన అదృష్టం కొద్దీ అది మన వైపు అంచు పెట్టి ఉంది కాబట్టి ధూళంతా ఒక సన్నటి గీతలోకి వచ్చి కాస్త ప్రకాశంగా కనపడుతుంది.

ఇంతవరకు నేను చదువుకున్నదే. నన్ను లాగింది ఏంటంటే, 2011లో న్యూజిలాండ్‌లో రోల్ఫ్ వాల్ ఓల్సెన్ అనే అమెచ్యూర్ పది అంగుళాల న్యూటోనియన్‌తో (అద్దాలతో పనిచేసే టెలిస్కోప్) ఇదే డిస్క్‌ని ఫోటో తీశాడు. అమెచ్యూర్లలో అదే మొదటిది. ఆయన కొరొనాగ్రాఫ్ వాడలేదు, 1993 నాటి ఒక పేపర్‌లో ఫ్రెంచ్ సైంటిస్టులు రాసిన పద్ధతి పట్టుకున్నాడు. బీటా పిక్టోరిస్‌ని ఫోటో తీయడం, తర్వాత అదే సెట్టింగ్‌తో డిస్క్ లేని ఇంకో నక్షత్రం ఆల్ఫా పిక్టోరిస్‌ని ఫోటో తీయడం, మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసేయడం. రెండు నక్షత్రాల వెలుగు టెలిస్కోప్‌లో ఒకేలా చెదురుతుంది కాబట్టి తీసేస్తే ఆ చెదిరిన వెలుగు పోయి డిస్క్ ఒక్కటీ మిగలాలి. నా దగ్గర కూడా పది అంగుళాల న్యూటోనియనే ఉంది, అదే రోజు రాత్రి లెక్కలేసుకోవడం మొదలెట్టా.

ఆ లెక్కలు చెప్తాను, ఎందుకంటే ఏం కనపడుతుంది ఏం కనపడదు అనేది అక్కడే తేలిపోతుంది. నా టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 1250 మిల్లీమీటర్లు, మోనో కెమెరాలో పిక్సెల్ సైజు 2.9 మైక్రాన్లు. అంటే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 0.48 ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) కవర్ చేస్తుంది. బీటా పిక్టోరిస్ ఉన్న దూరంలో ఆ 0.48 ఆర్క్ సెకండ్లు అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 9 రెట్ల పైన. సూర్యుడి నుంచి శని గ్రహం దాకా ఉన్న దూరమంతా నా కెమెరాలో ఒక్క పిక్సెల్! నెప్ట్యూన్ దాకా వెళ్ళినా మూడు పిక్సెళ్ళే. మన సౌరకుటుంబాన్ని తీసుకెళ్ళి అక్కడ పెడితే గ్రహాలన్నీ నక్షత్రం తాలూకు తెల్లటి మచ్చలోనే మునిగిపోతాయి. అక్కడ నిజంగానే రెండు పెద్ద గ్రహాలున్నాయి. బీటా పిక్టోరిస్ బి అనేదాన్ని చిలీలోని వీఎల్‌టీ అనే పెద్ద టెలిస్కోప్‌తో 2003లో తీసిన ఫోటోల్లో గుర్తుపట్టి 2008లో ప్రకటించారు, అది దాదాపు మన శని ఉన్నంత దూరంలో తిరుగుతుంది, అంటే నాకు అది ఒక్క పిక్సెల్ అవతల. రెండోది సి, 2019లో బయటపడింది, ఇంకా లోపల ఉంటుంది. వాటి జోలికి మనం వెళ్ళలేం. డిస్క్ మాత్రం వందల రెట్ల దూరం సాగి ఉంది, 1984 ఫోటోలోనే భూమి–సూర్యుడి దూరానికి 400 రెట్ల దాకా కనపడింది, తర్వాతి ఫోటోల్లో వెయ్యి దాటింది. నాలుగు వందలంటే నా కెమెరాలో నలభై పిక్సెళ్ళ పైన. అది పట్టుకోదగ్గ సైజే.

కష్టం సైజులో లేదు, వెలుగులో ఉంది. నక్షత్రం పక్కన ఐదారు ఆర్క్ సెకండ్ల దూరంలో గాలి వల్లా అద్దం వల్లా చెదిరిన వెలుగు ఒక మబ్బులాగా పరుచుకుని ఉంటుంది, దాన్ని హేలో అంటాం. అక్కడ డిస్క్ వెలుగు ఆ హేలోలో చిన్న వంతు ఉంటుంది అంతే, బయటికి పోయేకొద్దీ డిస్క్ కూడా చాలా వేగంగా పల్చబడిపోతుంది. కాబట్టి హేలోని చాలా కొద్ది తేడాలోపల అచ్చుగుద్దినట్టు తీసేయగలిగితేనే డిస్క్ బయటపడుతుంది. ఊరి లైట్లు అంతగా అడ్డం రావని ఎందుకన్నానంటే, మనకి అసలు శత్రువు ఆ నక్షత్రం వెలుగే, దాని ముందు ఆకాశం వెలుగు తక్కువే. పైగా మేముండేది మెల్‌బోర్న్ పడమట టార్నీట్‌లో, ఇక్కడి నుంచి బీటా పిక్టోరిస్ మెరిడియన్ (ఉత్తర దక్షిణాల్ని కలుపుతూ నెత్తి మీదుగా పోయే ఊహాగీత) దాటేటప్పుడు 77 డిగ్రీల ఎత్తులో, దాదాపు నెత్తి మీద ఉంటుంది. అదే మా ఒంగోల్లో అయితే దక్షిణాన 23 డిగ్రీలు మించి పైకి రాదు. ఇంత ఎత్తులో ఉండటం పెద్ద వరం, మధ్యలో గాలి మందం బాగా తగ్గిపోతుంది.

ఇక పని. ఆల్ఫా పిక్టోరిస్‌నే ఎందుకు అంటే, రంగు బీటాకి దగ్గరగా ఉంటుంది, వెలుగు కూడా మరీ దూరం కాదు (మాగ్నిట్యూడ్ 3.3, అంటే బీటా కంటే సుమారు 1.7 రెట్లు ఎక్కువ), ఆకాశంలో పద్నాలుగు డిగ్రీల లోపే ఉంది. రంగు ఎందుకు ముఖ్యం అంటే నీలం వెలుగు ఎక్కువ చెదురుతుంది, ఎరుపు తక్కువ చెదురుతుంది, రెండు నక్షత్రాల రంగు తేడాగా ఉంటే హేలో ఆకారాలే వేరుగా వచ్చేస్తాయి. అందుకే నేను రెడ్ ఫిల్టర్ కూడా పెట్టా, ఎరుపులో గాలి అలజడి కాస్త తక్కువ కనపడుతుంది.

ఇంకొకటి, దీన్ని మొదట్లోనే ప్లాన్ చేసుకోవాలి. న్యూటోనియన్ టెలిస్కోప్ ముందు చిన్న అద్దాన్ని పట్టుకునే నాలుగు పలకలుంటాయి, వాటి వల్ల ప్రతి ప్రకాశమైన నక్షత్రానికీ నాలుగు స్పైకులు, అంటే వెలుగు గీతలు, వస్తాయి, ప్లస్ గుర్తులాగా. బీటా పిక్టోరిస్ డిస్క్ ఉత్తరం నుంచి తూర్పు వైపుకి 30 డిగ్రీల కోణంలో, అంటే ఈశాన్యం–నైరుతి దిశగా ఉంటుంది. స్పైకు గనక దాని మీదే పడిందంటే ఇక డిస్క్ గురించి మర్చిపోవచ్చు. అందుకని ట్యూబ్‌ని రింగుల్లో తిప్పి స్పైకులు 75 డిగ్రీల దగ్గర, 165 డిగ్రీల దగ్గర వచ్చేలా పెట్టుకున్నా, అప్పుడు డిస్క్ సరిగ్గా రెండు స్పైకుల మధ్య 45 డిగ్రీల దూరంలో ఖాళీ జాగాలో పడుతుంది. కోణం ఎంత వచ్చిందో ప్లేట్ సాల్వ్ చేస్తే, అంటే ఫోటోలోని నక్షత్రాల్ని సాఫ్ట్‌వేర్‌తో ఆకాశం మ్యాప్‌కి పోలిస్తే, అదే చెప్తుంది, చూసుకుని కొద్దిగా తిప్పడం, మళ్ళీ సాల్వ్ చేయడం. ఈక్వటోరియల్ మౌంట్ (భూమి తిరుగుడికి తగ్గట్టు టెలిస్కోప్‌ని తిప్పే స్టాండు) మీద పోలార్ అలైన్‌మెంట్, అంటే దాని ఇరుసుని ఆకాశ ధ్రువం వైపు గురిపెట్టడం, బాగుంటే ఏ నక్షత్రం వైపు తిప్పినా స్పైకుల కోణం మారదు, అదే మన పద్ధతికి ప్రాణం. మౌంట్ మెరిడియన్ దాటి ఫ్లిప్ అయితే ట్యూబ్ తలకిందులవుతుంది కాబట్టి రెండు నక్షత్రాల్నీ ఫ్లిప్‌కి ఒకే వైపున తీయాలి.

దీనికి ఆకాశమే ఒక సదుపాయం ఇచ్చింది. ఆల్ఫా, బీటా కంటే సరిగ్గా ఒక గంట వెనక వస్తుంది. జనవరి మధ్యలో బీటా రాత్రి పదకొండున్నరకి మెరిడియన్ దాటితే ఆల్ఫా పన్నెండున్నరకి దాటుతుంది. కాబట్టి బీటా దాటగానే దాన్ని ముప్పావు గంట తీసి, తర్వాత ఆల్ఫా వైపు తిప్పి అది కూడా దాటగానే అంతే సేపు తీస్తే, టెలిస్కోప్ రెండుసార్లూ ఇంచుమించు ఒకే భంగిమలో ఉంటుంది. గొట్టం వంగినా, అద్దం తన క్లిప్పుల్లో ఇటూ అటూ ఒరిగినా రెండింటికీ ఒకేలా వంగుతుంది, ఒకేలా ఒరుగుతుంది.

బీటాకి ఫ్రేముకి 30 సెకండ్లు, ఆల్ఫాకి 18 సెకండ్లు పెట్టా, వెలుగు తేడా 1.7 రెట్లు కదా, ఆ లెక్కకి హేలో రెండింట్లో దాదాపు సమానంగా వస్తుంది. నక్షత్రం మధ్యభాగం పూర్తిగా తెల్లబడిపోతుంది, పోనీయండి, అది మనకి అక్కర్లేదు. పాత సీసీడీ కెమెరాల్లో అయితే అలా తెల్లబడితే నిలువుగా చారలు కారేవి, ఇప్పటి సీమాస్ సెన్సర్లకి ఆ బాధ లేదు.

మెల్‌బోర్న్ వాతావరణం గురించి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పగలు నలభై డిగ్రీలు ఉత్తరపు గాలి, సాయంత్రానికి కూల్ ఛేంజ్ వచ్చి ఒక్క గంటలో ఇరవైకి పడిపోతుంది. ఆకాశం అద్దంలా ఉంటుంది గానీ గాలి మాత్రం పైన కుదుటపడదు, నక్షత్రం ఉడుకుతున్నట్టు కదులుతూ ఉంటుంది. ఆ రాత్రి తీసినవి ఏవీ పనికిరాలేదు, బీటా తీసేటప్పుడు ఒకలా ఆల్ఫా తీసేటప్పుడు ఇంకోలా ఉంటే తీసివేత కుదరదు. పనికొచ్చిన రాత్రులు ఎలాంటివంటే రెండు మూడు రోజుల నుంచి ఒకే రకంగా ఉన్న వాతావరణం, గాలి లేకుండా, పగటి వేడి కూడా ముప్పై లోపు. టెలిస్కోప్‌ని సాయంత్రమే బయట పెట్టేసి వెనక ఫ్యాన్ వేసి వదిలేసేవాణ్ణి, అద్దం బయటి టెంపరేచర్‌కి రావడానికి టైం పడుతుంది. ఫోకస్ బాహ్టినోవ్ మాస్క్‌తో (ఫోకస్ సరిచూసుకోడానికి టెలిస్కోప్ ముందు పెట్టే చీలికల మూత) బీటాకి ముందు ఒకసారి, ఆల్ఫాకి ముందు ఒకసారి, మధ్యలో ఎక్కడా ముట్టుకోను.

అమ్మానాన్న అప్పుడు ఇక్కడే ఉన్నారు, మూడు నెలల వీసా మీద వచ్చారు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, రాత్రిళ్ళు నిద్ర తక్కువ, నేను బయట కూర్చుంటే ఆయనా కుర్చీ తెచ్చుకుని కూర్చునేవారు. అగస్త్యుణ్ణి నెత్తి మీద చూసి ఆయనకి భలే ఆశ్చర్యం, మా ఊళ్ళో దక్షిణం వైపు కొబ్బరి చెట్ల మీద కనపడి పోయేవాడు కదరా అని. సరే, మొదటి మంచి రాత్రి డేటా ప్రాసెస్ చేసి లాప్‌టాప్ ఆయన ముందు పెట్టా.

ప్రాసెసింగ్ ఎలా చేశానో కూడా చెప్పాలి. డార్కులు, ఫ్లాట్లు (కెమెరా, టెలిస్కోప్ మరకల్ని సరిచేసే ఫ్రేములు) మామూలే. ఫ్రేముల్ని ఒకదాని మీద ఒకటి పేర్చడానికి నక్షత్రం సెంటర్ కావాలి, కానీ సెంటర్ తెల్లబడిపోయింది కదా, సాఫ్ట్‌వేర్ ఆ మచ్చ మధ్యని పిక్సెల్‌లో పెద్ద తేడాతో చూపిస్తుంది. అందుకని స్పైకులే ఆధారం. నాలుగు స్పైకుల మీదా గీతలు ఫిట్ చేసి అవి కలిసే చోటు సెంటర్‌గా తీసుకున్నా, చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసుకున్నా దానికోసం, ఆస్ట్రోపై లైబ్రరీతో పెద్ద కష్టం కాలేదు. పిక్సెల్‌లో పదో వంతు దాకా కుదిరింది. తర్వాత ప్రతి ఫ్రేములో దూరంగా ఉన్న ఖాళీ ఆకాశం వెలుగు కొలిచి తీసేశా, ఇది ముందే తీసేయాలి, ఎందుకంటే 30 సెకండ్లకీ 18 సెకండ్లకీ ఆకాశం వెలుగు వేరువేరుగా పడుతుంది. తర్వాత హేలో వెడల్పుగా ఉన్న ఫ్రేములు, గాలి తోసినవి, గైడింగ్ (నక్షత్రాన్ని వెంబడించడం) జారినవి పక్కన పడేశా, మొహమాటం లేకుండా దాదాపు సగం పోయాయి. మిగిలినవి మీడియన్ స్టాక్, అంటే ప్రతి పిక్సెల్‌కీ అన్ని ఫ్రేముల్లోని మధ్య విలువ తీసుకుని ఒక్క చిత్రం చేశా. ఆల్ఫా స్టాక్‌ని డిస్క్ లేని దిశల్లో బీటా హేలోతో సమానం అయ్యేలా స్కేల్ చేసి తీసేశా.

స్క్రీన్ మీద వచ్చింది ఇది: మధ్యలో నల్లటీ తెల్లటీ గజిబిజి, అది తెల్లబడిన భాగం, దాన్ని గుండ్రంగా మూసేశా. స్పైకుల చోట సన్నటి మిగులు గీతలు. వాటి మధ్య, ఎడమ పైనుంచి కుడి కిందికి (ఉత్తరం పైకి పెడితే తూర్పు ఎడమవైపు వస్తుంది), రెండు వైపులా పల్చటి పొడుగాటి వెలుగు. కోణం కొలిస్తే 30కి అటూ ఇటూ ఒకటి రెండు డిగ్రీలు. నాకు చేతులు వణికాయి నిజంగా.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "బానే ఉంది గానీ, అది నీ అద్దం మీద గీత కాదని ఎట్లా చెప్తావు? నువ్వు చూద్దామనుకున్న చోటే కనపడింది కదా" అన్నారు.

ఆ ప్రశ్నే ఈ పనిలో అసలు భాగం. ఎక్కడ కనపడాలో నాకు ముందే తెలుసు, స్కేలు తిప్పే నాబ్ నా చేతిలోనే ఉంది, ఏదో ఒక విలువ దగ్గర ఏదో ఒకటి కనపడకుండా ఉండదు. కాబట్టి ఆ తర్వాత వారాలన్నీ కొత్త డేటా కంటే ఎక్కువగా ఈ చెకింగ్‌లకే పోయాయి, అవి పోవడమే కరెక్ట్ అని ఇప్పుడు గట్టిగా అంటాను.

మొదటిది, ఆల్ఫాలోంచి ఆల్ఫానే తీసేయడం. ఆల్ఫా ఫ్రేముల్ని ముందు సగం, వెనక సగం అని రెండు చేసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఏమీ మిగలకూడదు. మిగల్లేదు, మధ్య గజిబిజి, స్పైకుల మరకలు తప్ప 30 డిగ్రీల దిశలో ఖాళీ. బీటాని అలాగే బీటాలోంచి తీసేసినా ఖాళీయే, రెండింట్లోనూ డిస్క్ ఉంది కాబట్టి కొట్టుకుపోయింది.

రెండోది స్కేలు సంగతి. విలువని కొంచెం కొంచెంగా పెంచుతూ తగ్గిస్తూ వరసగా చిత్రాలు చేసి చూశా. తక్కువ తీసేస్తే చుట్టూ అంతా తెల్లటి గుండ్రం మిగులుతుంది, ఎక్కువ తీసేస్తే అంతా నల్లగా అయిపోతుంది, కానీ ఆ గుండ్రం మీద ఈశాన్య నైరుతి దిశలో ఉబ్బు మాత్రం అన్నింట్లోనూ ఉంది. ఒక్క విలువ దగ్గరే కనపడి మిగతా చోట్ల మాయమయ్యేదైతే నేను నమ్మేవాణ్ణి కాదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. మొత్తం ట్యూబ్‌ని రింగుల్లో 30 డిగ్రీలు తిప్పేశా. స్పైకులు డిస్క్‌కి కాస్త దగ్గరవుతాయి గానీ మీద పడవు. ఇప్పుడు అద్దం మీద గీతైనా, కెమెరాలో మరకైనా, అద్దం క్లిప్పుల వల్ల వచ్చిన ఆకారమైనా అన్నీ ఆకాశంతో పోలిస్తే 30 డిగ్రీలు తిరిగిపోతాయి. డిస్క్ నిజమైతే అది ఆకాశానికి అతుక్కుని ఉంటుంది, కదలదు. మళ్ళీ కొలిమేషన్ (అద్దాల్ని ఒకదానికొకటి సరిగ్గా కుదర్చడం), మళ్ళీ ఫ్లాట్లు, మంచి రాత్రి కోసం ఎదురుచూడటం, అడవి మంటల పొగ వల్ల మధ్యలో కొన్ని రాత్రులు ఎర్రటి చంద్రుణ్ణి చూస్తూ ఊరికే కూర్చోవడం. చివరికి ఫిబ్రవరిలో ఒక నిలకడైన రాత్రి దొరికింది. మొత్తం మళ్ళీ అదే ప్రోగ్రాంతో, ఒక్క సెట్టింగ్ కూడా మార్చకుండా నడిపించా, నడిపించే ముందే నాన్నకి చెప్పా, ఏదొస్తే అదే ఫైనల్ అని.

స్పైకుల మరకలు తిరిగాయి. మధ్యలో గజిబిజి ఆకారం మారింది. పాత చిత్రంలో డిస్క్‌కి పక్కగా ఒక చిన్న తెల్లటి చుక్కలాంటిది ఉండేది, దాన్ని చూసి నేను కొంచెం ఆశపడ్డా కూడా, అది కూడా ట్యూబ్‌తో పాటే తిరిగి వేరే చోటికి పోయింది, అంటే అది మన టెలిస్కోప్ సరుకే. పల్చటి పొడుగాటి వెలుగు మాత్రం ఉన్నచోటే ఉంది, 30 డిగ్రీల దగ్గరే. రెండు రాత్రుల చిత్రాల్నీ ఉత్తరం పైకి వచ్చేలా పెట్టి ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి చూపిస్తే మిగతావన్నీ గెంతుతున్నాయి, అదొక్కటీ నిలబడి ఉంది. నాన్న ఈసారి ఏమీ అడగలేదు, అమ్మని నిద్ర లేపి తీసుకొచ్చారు.

నాకు దొరికిన డిస్క్ నక్షత్రం నుంచి ఆరు ఆర్క్ సెకండ్ల దగ్గర మొదలై పద్నాలుగు దాకా కనపడుతుంది, అంటే భూమి–సూర్యుడి దూరానికి సుమారు 115 రెట్ల నుంచి 270 రెట్ల దాకా. ఆ లోపల ఏముందో నాకు కనపడదు, ఆ బయట కెమెరా నాయిస్‌లో (ఫోటోలోని గరుకులో) కలిసిపోతుంది. ఈశాన్యం వైపు రెక్క ఇంకొంచెం దూరం సాగినట్టుంది, పెద్ద టెలిస్కోపుల ఫోటోల్లో కూడా ఆ వైపే పొడుగు, కానీ నా డేటాతో ఆ తేడా మీద నేను పందెం కాయను. లోపలి డిస్క్ వంకర, 2006లో హబుల్ విడదీసి చూపించిన రెండో వాలు డిస్క్, 2024లో జేమ్స్ వెబ్ చూపించిన పిల్లి తోక లాంటి ధూళి మెలిక, ఇవేవీ నా అందుబాటులో లేవు.

ఆ పల్చటి వెలుగు ఏంటో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అంత సన్నటి ధూళి ఆ నక్షత్రం దగ్గర ఎక్కువ కాలం నిలవదు, మరీ చిన్న రేణువుల్ని నక్షత్రం కాంతే బయటికి తోసేస్తుంది, మిగతావి ఒకదానికొకటి కొట్టుకుని ఇంకా చిన్నవైపోతాయి. నక్షత్రం పుట్టినప్పటి ధూళైతే ఈపాటికి ఎప్పుడో ఖాళీ అయిపోవాలి. అయినా ఇంత ఉందంటే ఎవరో రోజూ కొత్తగా తయారుచేస్తున్నట్టే లెక్క, ఆ తయారుచేసేవి ఆస్టరాయిడ్లు, తోకచుక్కలు, అవి గుద్దుకుని పిండవుతున్నాయి. అక్కడ తోకచుక్కలున్నాయని ఊహ కాదు, 1980ల నుంచే స్పెక్ట్రంలో కాల్షియం గీతలు రాత్రి రాత్రికీ మారుతుంటే అవి నక్షత్రం ముందు నుంచి పోతున్న ఆవిరయ్యే శరీరాలని అర్థం చేసుకున్నారు, 2014లో హార్ప్స్ అనే స్పెక్ట్రోగ్రాఫ్ డేటాలోంచి దాదాపు 500 తోకచుక్కల జాడలు లెక్కపెట్టారు, తర్వాత టెస్ శాటిలైట్ అవి అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు కొద్దిగా తగ్గడం నేరుగా కొలిచింది. మన భూమి కూడా ఇలాంటి గుద్దుకోవడాల మధ్యే తయారైంది. నా హార్డ్ డిస్క్‌లో ఉన్న ఆ బూడిద రంగు మరకలో ప్రతి ఫోటానూ ఆ ధూళి రేణువుల్లో ఒకదాని మీద పడి ఇటు తిరిగి, 63 ఏళ్ళు ప్రయాణం చేసి మా ఇంటి వెనక అద్దం మీద పడింది.

ఆంధ్రా తెలంగాణలో ఉన్నవాళ్ళు ట్రై చేయొచ్చా అని మా తమ్ముడు ఒంగోలు నుంచి అడిగాడు. నక్షత్రాన్ని చూడటం వరకైతే డిసెంబర్ జనవరి రాత్రుల్లో, ఊరి బయట, దక్షిణాన అడ్డం లేని చోటు నుంచి తప్పకుండా చూడొచ్చు, అగస్త్యుడికి కుడివైపు ఐదారు డిగ్రీల్లో, చిన్న బైనాక్యులర్ ఉంటే ఇంకా తేలిక. డిస్క్ ఫోటో మాత్రం 23 డిగ్రీల ఎత్తులో చాలా కష్టం, గాలి మందం ఇక్కడికంటే రెండున్నర రెట్లు, పైగా ఆల్ఫా పిక్టోరిస్ అక్కడ 13 డిగ్రీలు కూడా లేవదు కాబట్టి రెండు నక్షత్రాల హేలోలు కలవవు. అక్కడి నుంచి చేసేవాళ్ళు ఆల్ఫాని వదిలేసి, బీటాకి దగ్గరి ఎత్తులో అదే రంగున్న వేరే నక్షత్రాన్ని వెతుక్కోవడం మంచిది. అదీ కాదంటే హబుల్, జేమ్స్ వెబ్ తీసిన బీటా పిక్టోరిస్ ఒరిజినల్ ఫైళ్ళు మాస్ట్ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో ఫ్రీగా దొరుకుతాయి, వాటితో పాటు వాళ్ళు తీసిన రిఫరెన్స్ నక్షత్రం ఫైళ్ళు కూడా ఉంటాయి, ఇదే తీసివేత లాప్‌టాప్ మీద కూర్చుని చేసుకోవచ్చు, తమ్ముడు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు.

నేను మళ్ళీ డిసెంబర్‌లో మొదలెడతా. ఈసారి బార్లో (బొమ్మని పెద్దది చేసే లెన్సు) వేసి పిక్సెల్‌కి పావు ఆర్క్ సెకండ్ దగ్గరికి తీసుకెళ్ళి, తెల్లబడే భాగం తగ్గించడానికి ఐదేసి సెకండ్ల ఫ్రేములతో నక్షత్రానికి నాలుగు ఆర్క్ సెకండ్ల దగ్గర దాకా లోపలికి వెళ్ళగలనేమో చూడాలి. ట్యూబ్‌ని ఒకటి కాదు మూడు వేర్వేరు కోణాల్లో పెట్టి తీస్తా, ఎవరికైనా నా కచ్చా ఫ్రేములూ ఆ పైథాన్ ప్రోగ్రామూ కావాలంటే అడగండి, ఇస్తాను, మీరే తీసివేత చేసి మీకు ఏ కోణం వచ్చిందో చెప్పండి.